ముప్పై రెండువేల ఏడువందల అరవై ఏడు

తెల్లవారుజాము నాలుగున్నరకి
గుడిపాల పాలకేంద్రంలో తూకం పెట్టె తేల్చింది:
దేశమ్మ పోసిన పాలు
మైనస్ ఇరవై నాలుగువేల మూడువందల ముప్పై ఆరు గ్రాములు.

ఫోన్ చేయించింది.
"మేయ్, నలభై లీటర్ల క్యాను నిండా పోస్తి.
ఇప్పుడు నేనే మీకు పాలు బాకీనా?"

చిత్తూరు గిరింపేటలో, జిరాక్సు షాపు మీది గదిలో
నా ల్యాప్‌టాప్ మాత్రం
తప్పేమీ లేదంది.

మా అవ్వ చెప్పేది,
పడి అంటే ఒక ఊర్లో ఒకటంట, ఏరు దాటితే ఇంకొకటంట,
కొలిచేవాడు మారితే గింజలు మారిపోయేవంట.
ఇంట్ కూడా అంతే.
నా దగ్గర రెండువందల కోట్లు పట్టే గాదె.
ఆ ముసలి పెట్టెలో
ముప్పై రెండువేల ఏడువందల అరవై ఏడు దాకానే.
ఒక్క గ్రాము ఎక్కువైతే
తలకిందులై పాతాళం నించి లెక్క మొదలు.
దేశమ్మ క్యాను నలభై ఒక్క కిలోల రెండొందలు.

ఆ పెట్టె నేర్చిన సి
ఎనభై తొమ్మిది దగ్గరే ఆగిపోయింది.
అప్పటికి నేను పుట్టలేదు.
నాకేమో కొత్తవంటే ఇష్టం:
వాడే చోటే పేరు పెట్టుకోవడం,
వరస తప్పినా వెన్న ఇంత, నీళ్ళు ఇంత అని
పేరుపెట్టి విలువలు నింపడం,
సున్నాతో సరిపెట్టకుండా
ఏమీలేనితనానికి నల్‌పాయింటర్ అని సొంత పేరు.
అన్నీ పీకేశాను ఒక్కొక్కటిగా,
పెళ్ళి ఇంట్లో అద్దె సామాను లెక్కపెట్టి తిరిగిచ్చినట్టు.
అయినా గ్రాములు కారిపోయాయి.

చెంగల్రాయుడన్నతో గుడిపాల పోయినా.
పెట్టె మూత విప్పుతా ఎవురితోనో అంటా ఉండాడు,
"నాళె వస్తా, నాళె."
రేపు అనొచ్చు కదన్నా?
"రేపంటే మనోళ్ళకే తెలుస్తాది.
నాళె అంటే వేలూరాయనకీ తెలుసు, కోలారాయనకీ తెలుసు.
మనోళ్ళకి ఎట్టా తెలుసు."
స్క్రూ నోట్లో పెట్టుకుని, కాసేపటికి,
"ఇంటికాడ మాత్రం రేపే."

ఆ రాత్రి ఫైళ్ళు విడదీశాను.
ఏ పెట్టె ఎలాంటిదో అడిగే ఇఫ్‌డెఫులన్నీ ఒక్క ఫైల్లో,
గుమ్మం దగ్గర విడిచిన చెప్పుల్లా.
పెట్టెలోకి పోయే కోడ్ అంతా
నాళె లాంటి మాటల్లో.
ల్యాప్‌టాప్ దాటని పరీక్షలు మాత్రం
నా ఇష్టం, నా రేపు.

బరువు ఇంట్ కాదు, లాంగ్.
ఎంత ముసలిదైనా
లాంగ్‌కి ముప్పై రెండు బిట్లు ఇచ్చి తీరాలి, అది పాత ఒప్పందమే.
నేనే చదవలేదు.

నమ్మకం చాలక ఒక కాపలా పెట్టాలనిపించింది.
కొత్త సిలో దానికి చక్కటి మాటుంది, స్టాటిక్ అసర్ట్.
ఆ పెట్టెకి అది తెలీదు.
అందుకని పాత ఉపాయం:
బరువుకి చోటు చాలకపోతే
మైనస్ ఒకటి అరలున్న బీరువా చేయమని కంపైలర్‌ని అడగడం.
ఏ వడ్రంగి చేస్తాడు?
పని అక్కడే ఆగిపోతుంది,
పాలు క్యానులోకి రాకముందే,
బర్రె పొదుగు కడగకముందే.

దేశమ్మని బాకీదారు చేసిన మైనసే
ఇప్పుడు వాకిట్లో కుక్క.

పొద్దున పెట్టె మీద నలభై ఒకటి పాయింట్ రెండు.
ఆమె చూడనే లేదు.
క్యాను మీద వేలిముడితో రెండుసార్లు కొట్టి,
చప్పుడు విని, చీటీ తీసుకుని పోయింది.

ఒక్క వాక్యం మాత్రం తుడవబుద్ధి కాలేదు,
నల్‌పాయింటర్ ఉన్నది.
ఏదో ఒకనాటికి ఆ పెట్టె చచ్చిపోతుంది కదా అని
వ్యాఖ్యలో దాచాను,
రెండు గీతలతో కాదు,
ఆ ముసలిదానికి అదీ అర్థం కాదు,
గీతకీ చుక్కకీ మధ్య
పాతకాలం పద్ధతిలో.